ఫోనులో వెతికేవి, డాక్టరుకు చెప్పలేనివి: ఆడవారి ఆరోగ్యం గురించి మన ఇళ్లలో తెలిసి ఉండవలసిన విషయాలు

మా సంఘం తరఫున ఇంతవరకు తెలుగు బడులు, కుల ధ్రువపత్రాలు, ఓటరు జాబితాలు, పింఛన్లు వంటి వాటి మీదే రాస్తూ వచ్చాము. ఈసారి విషయం వేరు. నెలసరి, తెల్లబట్ట, గర్భం, దాంపత్యం వంటి విషయాల్లో మన ఆడవారు ఇప్పుడు మొదట అడుగుతున్నది ఫోనునే. అక్కడ వారికి దొరుకుతున్నది ఏమిటి, అందులో పనికొచ్చేది ఎంత, ప్రమాదం ఎక్కడ అన్నది ఈ వ్యాసంలో చెప్పదలచాము. అరవై దాటిన కార్యదర్శి ఇలాంటివి రాయడమేమిటని కొందరు పెద్దలు అనవచ్చు. రాయమని అడిగింది మా మహిళా విభాగమే.

వారు ఎందుకు అడిగారో ముందు చెప్పాలి. మా ఊరు తమిళనాడులో, కర్ణాటక సరిహద్దు దగ్గర ఉంది. కొంతకాలం క్రితం సంఘం హాలులో ఉచిత వైద్య శిబిరం పెట్టాము. వచ్చిన డాక్టరమ్మకు తెలుగు రాదు. అందుకని మా సభ్యుల్లో ఒకరిని పక్కన కూర్చోబెట్టి, వచ్చినవారు తెలుగులో చెప్పింది తమిళంలో చెప్పించాము. మంచి ఏర్పాటు చేశామనే అనుకున్నాము. నలభై దాటిన ఒకావిడ వరుసలో గంటసేపు నిలబడి, తన వంతు వచ్చాక చేతిలోని ఫోను డాక్టరమ్మకు చూపించబోయి ఆగిపోయింది. "ఏమమ్మా, ఏముంటే అది చెప్పు, నేను చెప్తాను కదా" అన్నాడు మా సభ్యుడు. "ఏం లేదన్నా, కాళ్ల నొప్పులు" అని మాత్రలు తీసుకొని వెళ్లిపోయింది. ఆయనది ఆవిడ వీధే.

ఆ తరువాత ఆవిడ మా మహిళా విభాగంలోని ఒక రిటైర్డు టీచరమ్మకు అసలు సంగతి చెప్పింది. రెండేళ్లుగా తెల్లబట్ట అవుతోంది, వాసన, మంట. యూట్యూబులో తెలుగు వీడియో ఒకటి చూసి, అందులో చెప్పినట్టు పటిక కలిపిన నీళ్లతో లోపల కడుక్కుంటోంది. మంట ఎక్కువైతే మరో వీడియో, మరో చిట్కా. టీచరమ్మ వెంటబెట్టుకొని ఆస్పత్రికి తీసుకెళ్లింది. గర్భసంచి ముఖద్వారం దగ్గర పుండు ఉందని చూసి పరీక్షకు పంపారు. క్యాన్సర్ కాదని తేలేవరకు ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. ఇన్ఫెక్షన్‌కు మందులు వాడితే కొన్ని వారాల్లో తగ్గింది. ఆవిడ సరేనన్న మీదటే, గుర్తుపట్టే వివరాలు లేకుండా ఇది రాస్తున్నాము.

ఆవిడ ఫోను చూడడం తప్పని మేము అనము. ఆవిడకు తెలుగులో, ఎవరూ వినకుండా జవాబు చెప్పింది ఆ ఫోను ఒక్కటే. ఆ మనిషి కుర్చీలో మేము కూర్చోబెట్టింది పక్కింటి మగవాడిని.

ఫోను ఎందుకు డాక్టరైంది

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, మన దేశంలో తాము స్వయంగా వాడుకునే మొబైలు ఫోను ఉన్న స్త్రీలు సుమారు 54 శాతం. ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడినవారు స్త్రీలలో 33.3 శాతం, పురుషులలో 57.1 శాతం. ఆ తరువాత ఫోన్లు ఇంకా పెరిగాయి. కానీ చాలా ఇళ్లలో ఇప్పటికీ ఆడవారి ఫోను అంటే మగవారు మార్చేసిన పాత ఫోను, లేదా పిల్లల చదువు కోసం కొన్న ఫోను. ఎవరైనా తీసి చూడగలిగే ఫోను అది.

ఇతర రాష్ట్రాల్లో తరాలుగా ఉంటున్న మనకు దీనిమీద భాష సమస్య ఒకటి. హోసూరులో ఆస్పత్రి చీటీ తమిళంలో, బళ్లారిలో కన్నడంలో, బరంపురంలో ఒడియాలో, షోలాపూరులో మరాఠీలో ఉంటుంది. మాట్లాడడం చాలామందికి వచ్చు. బజారులో బేరమాడే భాష వేరు, ఒంట్లో బాధ చెప్పుకునే భాష వేరు. "తెల్లబట్ట" అన్న మాటకు అక్కడి భాషలో ఏమంటారో తెలియక "కడుపు నొప్పి" అని చెప్పి వచ్చేసినవారు మాకు తెలుసు. చీటీ చదివి చెప్పాల్సింది ఇస్కూల్లో ఆ లిపి నేర్చుకున్న కొడుకు. కొడుకు చేత చదివించుకునే సంగతులు కావివి. యానాంలో ఆస్పత్రిలోనూ తెలుగే కాబట్టి అక్కడ భాష అడ్డం లేదు. కానీ ఊరు చిన్నది, ఆస్పత్రి వరండాలో నలుగురు తెలిసినవారు కనిపిస్తారు. అక్కడా చివరికి ఫోనే దిక్కు.

ఇప్పుడు టైపు చేయడం రాకపోయినా నోటితో తెలుగులో అడిగితే ఫోను వెతికి పెడుతుంది. తెలుగు వీడియోలు వేలల్లో ఉన్నాయి. వాటిలో ఆస్పత్రుల్లో పనిచేసే స్త్రీల వైద్యులు ఓపికగా చెప్పేవీ ఉన్నాయి, చూసేవారి సంఖ్య పెంచుకోవడానికి చేసేవీ, పొడులూ నూనెలూ అమ్ముకోవడానికి చేసేవీ ఉన్నాయి. ఒకటి చూస్తే ఫోను అలాంటివే మరో పది చూపిస్తుంది. ఎక్కువమంది చూసినది కాబట్టి నిజమేననిపిస్తుంది. చెప్పే మనిషి పేరు, చదువు, పనిచేసే చోటు చెబుతున్నారా, చివర్లో ఏదైనా కొనమంటున్నారా అన్న రెండు విషయాలు చూస్తే చాలావరకు తేడా తెలిసిపోతుంది.

తెల్లబట్ట, కడుక్కోవడం, వాసన

ఎక్కువగా వెతికేది ఇదేనని మా మహిళా విభాగం వారు చెప్పారు. నెలలో కొన్ని రోజులు, ముఖ్యంగా అండం విడుదలయ్యే రోజుల్లో, రంగు లేకుండా లేదా పల్చని తెలుపుగా, వాసన, దురద లేకుండా అయ్యేది జబ్బు కాదు. దానితో బలం పోతుందనీ, ఎముకలు కరిగిపోతాయనీ చెప్పే మాటలకు ఆధారం లేదు.

పెరుగు తరకలుగా అయి విపరీతంగా దురద పెడితే అది సాధారణంగా ఫంగస్. చేపల వాసన, బూడిద రంగు ఉంటే బ్యాక్టీరియా వల్ల వచ్చేది కావచ్చు. పసుపు లేదా ఆకుపచ్చగా ఉండి, పొత్తికడుపు నొప్పి, జ్వరం ఉంటే ఆలస్యం చేయకూడదు. వీటికి మందులు వేరువేరు. ఒకదాని మందు మరొకదానికి పనిచేయదు. అందుకే ఫోటో చూసి, వీడియో చూసి మెడికల్ షాపులో మందు అడగవద్దంటున్నాము. కొన్ని ఇన్ఫెక్షన్లకు భర్తకు కూడా కలిపి మందు ఇవ్వాలి. లేకపోతే మళ్లీ వస్తుంది.

యోని లోపలి భాగం తనను తానే శుభ్రం చేసుకుంటుంది. అక్కడ సహజంగా ఉండే మేలు చేసే బ్యాక్టీరియా వల్ల కొద్దిగా ఆమ్ల గుణం ఉంటుంది. అదే రక్షణ. పటిక, డెట్టాలు, నిమ్మరసం, వంటసోడా, సువాసన వాష్‌లు ఆ రక్షణను చెడగొడతాయి. బయటి భాగాన్ని మామూలు నీళ్లతో కడుక్కుంటే చాలు. "బిగుతు", "తెల్లదనం" అని రీల్స్‌లో చూపించే క్రీములు, జెల్లులు ఏ జబ్బుకూ మందు కావు. ఆ చర్మం రంగు సహజంగానే ముదురుగా ఉంటుంది.

నెలసరి: వాయిదా మాత్రలు, యాప్‌లు, పీసీఓడీ

పెళ్లి, గృహప్రవేశం, తిరుపతి ప్రయాణం అనగానే నెలసరి వాయిదా మాత్రలు తెప్పించడం మన ఇళ్లలో మామూలైంది. పేరు, మోతాదు వాట్సాప్ గ్రూపులో ఒకరు పెడితే మిగిలినవారు అదే కొంటున్నారు. ఇవి హార్మోను మాత్రలు. డాక్టరు చీటీ మీదే ఇవ్వాలి. రక్తం గడ్డకట్టిన చరిత్ర, కాలేయ వ్యాధి, గుండె జబ్బు, తీవ్రమైన మైగ్రేన్ ఉన్నవారికి, గర్భం ఉందేమోనన్న అనుమానం ఉన్నవారికి ప్రమాదం. ఎప్పుడో ఒకసారి డాక్టరును అడిగి వాడడం వేరు, ప్రతి పండక్కీ వాడడం వేరు. కోడలి చేత వేయించే ముందు అత్తగారు ఒకసారి ఆలోచించాలి.

నెలసరి తేదీలు రాసుకునే యాప్‌లు మంచివే. "చివరిసారి ఎప్పుడైంది?" అని డాక్టరు అడిగినప్పుడు తడుముకోనక్కరలేదు. రెండు జాగ్రత్తలు మాత్రం కావాలి. గర్భం రాని రోజులని యాప్ చూపేది సగటు లెక్క, దాన్ని నమ్మి గర్భనిరోధకం మానకూడదు. రెండోది, మనం అందులో రాసేది మన దగ్గరే ఉండకపోవచ్చు. ఫ్లో అనే ప్రసిద్ధ యాప్ స్త్రీల ఆరోగ్య వివరాలను ఫేస్‌బుక్, గూగుల్ వంటి సంస్థల విశ్లేషణ విభాగాలకు పంపిందన్న ఆరోపణ మీద 2021లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో రాజీ ఒప్పందం చేసుకోవలసి వచ్చింది. ఇష్టం లేనివారికి గోడ క్యాలెండరు మీద చిన్న చుక్క చాలు.

నెలసరి 21 నుంచి 35 రోజుల మధ్య రావడం, 2 నుంచి 7 రోజులు ఉండడం మామూలు. రెండు రోజులు అటూ ఇటూ అయినంత మాత్రాన పీసీఓడీ కాదు. రీల్స్ చూసి తమకు ఆ జబ్బు ఉందని తేల్చుకొని తిండి మానేస్తున్న ఆడపిల్లలు ఉన్నారు. నెలసరి తప్పడం, మగ హార్మోను లక్షణాలు, స్కానింగులో అండాశయాల తీరు, ఈ మూడింటిలో రెండు ఉండి, థైరాయిడ్ వంటి ఇతర కారణాలు లేవని చూశాకే డాక్టర్లు నిర్ధారిస్తారు.

ఆన్‌లైనులో గర్భస్రావం మాత్రలు

అన్నిటికన్నా ప్రమాదమైనది ఇదే. మందుల కిట్లు గుట్టుగా ఇంటికి తెప్పించుకుంటున్నారు. మందు మంచిదే అయినా, ఎన్ని వారాల గర్భమో తెలియకుండా, గర్భం గర్భసంచిలోనే ఉందో నాళంలో ఉందో చూడకుండా వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. నాళంలోని గర్భం ఈ మాత్రలతో పోదు, నాళం పగిలి లోపల రక్తస్రావం అవుతుంది. రక్తహీనత ఉన్నవారికి మామూలు రక్తస్రావమే పెద్ద దెబ్బ. 15–49 ఏళ్ల మన స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని పైన చెప్పిన సర్వేయే చెబుతోంది. మాత్రలు వేసుకున్నాక గంటకు రెండు ప్యాడ్ల చొప్పున వరుసగా రెండు గంటలు తడిసినా, జ్వరం, స్పృహ తప్పడం, భుజం నొప్పి ఉన్నా వెంటనే ఆస్పత్రికి పోవాలి. మాత్ర వేసుకున్న సంగతి దాచకుండా చెప్పాలి.

భయం వల్లనే ఆన్‌లైనుకు వెళుతున్నారు కాబట్టి చట్టం ఏమి చెబుతోందో అందరికీ తెలియాలి. 1971 నాటి వైద్య గర్భవిచ్ఛిత్తి చట్టాన్ని 2021లో సవరించారు. చట్టంలో చెప్పిన కారణాల మీద 20 వారాల వరకు ఒక డాక్టరు అభిప్రాయంతో, కొన్ని వర్గాల స్త్రీలకు 24 వారాల వరకు ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో చేయవచ్చు. గర్భనిరోధకం విఫలం కావడం కూడా ఒక కారణమే. పెళ్లికాని స్త్రీలకు కూడా ఈ హక్కు సమానమని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరు 29న తీర్పు ఇచ్చింది. 18 ఏళ్లు నిండిన స్త్రీ సమ్మతి ఒక్కటే చాలు. భర్త సంతకం చట్టం అడగడం లేదు. ఆమె పేరు, వివరాలు బయటపెట్టిన డాక్టరుకు ఏడాది వరకు జైలు శిక్ష పడవచ్చు. మాత్రలతో చేసేది 9 వారాల లోపే, డాక్టరు పర్యవేక్షణలోనే.

గర్భం రాకుండా 72 గంటల లోపు వేసుకునే అత్యవసర మాత్ర వేరు, గర్భస్రావం మాత్ర వేరు. రెండూ ఒకటేననుకుని భయపడేవారు, ఒకదాని బదులు మరొకటి తెప్పించేవారు ఉన్నారు. అత్యవసర మాత్రకు డాక్టరు చీటీ అవసరం లేదు. అయితే తమిళనాడులో చాలా మందుల షాపుల వాళ్లు ఇది పెట్టరు. ప్రభుత్వ ఆస్పత్రిలో అడగాలి.

ప్రకటనల సంగతి

ఫోనులో కనిపించే ప్రకటనల్లో చాలావాటిని మన చట్టం ఎప్పుడో నిషేధించింది. 1954 నాటి మందులు, మాయ చికిత్సల చట్టం ప్రకారం, గర్భస్రావానికి, గర్భం రాకుండా చేయడానికి, లైంగిక సామర్థ్యం పెంచడానికి, నెలసరి లోపాలు సరిచేయడానికి మందులని ప్రకటనలు ఇవ్వడం నేరం. అప్పట్లో గోడల మీద, పత్రికల్లో ఉండేవి ఇప్పుడు ఫోనులోకి వచ్చాయి, అంతే తేడా. కడుపులో ఉన్నది ఆడో మగో చెబుతామనే ప్రకటనలను 1994 చట్టం నిషేధించింది. ఇంటర్నెట్‌లోని ప్రకటనలకూ అది వర్తిస్తుంది. గూగుల్, మైక్రోసాఫ్ట్, యాహూ సంస్థలు ఇలాంటి ప్రకటనలు చూపకుండా చూడాలని సుప్రీంకోర్టు ఆదేశాలిచ్చింది. "మగబిడ్డ కోసం" అని పొడులు అమ్మే వీడియోలు మన గ్రూపుల్లోకి వస్తే పంచవద్దని మనవి.

టీకా మీద తిరిగే ఫార్వర్డ్

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు దాదాపు ప్రతిసారీ హెచ్‌పీవీ అనే వైరస్ కారణం. దానికి టీకా ఉంది. పూణేలోని సీరం సంస్థ తయారుచేసిన మన దేశపు టీకా 2023లో విడుదలైంది. 9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు వేయించడం అన్నిటికన్నా మేలు. "ఆ టీకా వేస్తే పిల్లలు పుట్టరు, ఖమ్మంలో పిల్లలు చనిపోయారు" అని ఒక సందేశం ఏటా తిరుగుతుంటుంది. పిల్లలు పుట్టరన్న మాటకు ఆధారం లేదు. ఖమ్మం సంగతి మాత్రం వివరంగా తెలుసుకోవాలి.

2009లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, గుజరాత్‌లో ఒక సంస్థ ఆధ్వర్యంలో ఈ టీకా కార్యక్రమం జరిగింది. రెండు చోట్లా కలిపి 7గురు బాలికలు చనిపోవడంతో 2010లో ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణలో తేలింది. అయితే చాలామంది పిల్లల విషయంలో తల్లిదండ్రుల బదులు హాస్టలు వార్డెన్లు, హెడ్మాస్టర్ల చేత అంగీకార పత్రాల మీద సంతకాలు చేయించారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది. గిరిజన పిల్లలకు జరిగిన ఆ అన్యాయం నిజం. దాన్ని పట్టుకొని టీకాయే విషమనడం సరికాదు. మన పిల్లలకు వేయించేటప్పుడు ఏ టీకా, ఎన్ని మోతాదులు, ఎందుకు అని అడిగి, చదివి, సంతకం మనమే చేయాలి.

30 నుంచి 65 ఏళ్ల స్త్రీలకు ఐదేళ్లకొకసారి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ముఖద్వారం పరీక్ష చేయాలన్నది జాతీయ కార్యక్రమం. కొద్ది నిమిషాల పని. అయినా 30–49 ఏళ్ల స్త్రీలలో ఎప్పుడైనా ఈ పరీక్ష చేయించుకున్నవారు 1.9 శాతమేనని అదే సర్వే చెబుతోంది. భర్తతో కలిశాక రక్తం కనిపించినా, ముట్లుడిగి ఏడాది దాటాక ఒక్క చుక్క రక్తం కనిపించినా ఏ వీడియో చూడకుండా నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

దాంపత్యం, చూసిన వీడియోలు

ఇది రాయడానికి మేమూ సంకోచించాము. కొత్తగా పెళ్లయిన కుర్రాళ్లు చాలామంది దాంపత్యం గురించి నేర్చుకుంటున్నది అశ్లీల వీడియోల నుంచి. అవి డబ్బు కోసం నటించి తీసినవి. అందులో నొప్పి ఉండదు, వద్దనడం ఉండదు, గర్భం, జబ్బుల ప్రస్తావన ఉండదు. వాటిని చూసి భార్య నుంచి అదే ఆశించడం వల్ల ఆడపిల్లలు బాధపడుతున్నారు. నొప్పిని ఓర్చుకోవడం భార్య ధర్మమని ఎవరూ చెప్పకూడదు. కలయికలో నొప్పికి ఇన్ఫెక్షన్, కండరాల బిగుసు, ఎండోమెట్రియోసిస్, కాన్పు తరువాతి గాయం, ముట్లుడిగాక వచ్చే పొడితనం వంటి కారణాలుంటాయి. వీటికి చికిత్స ఉంది. ఇష్టం లేనప్పుడు వద్దనే హక్కు ఆమెది.

ఫోటోలు, వీడియో కాల్‌లు, బెదిరింపులు

నమ్మి పంపిన ఫోటోతోనో, ముఖం మార్చి తయారుచేసిన నకిలీ ఫోటోతోనో బెదిరించి డబ్బు అడిగేవారు ఎక్కువయ్యారు. తప్పు బెదిరించినవాడిది. తీసిన ఫోటోకు ఆమె ఒప్పుకున్నా, పంచడానికి ఒప్పుకోకపోతే పంచడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షను కింద నేరం. ఐటీ చట్టంలోని 66ఈ, 67, 67ఏ సెక్షన్లూ ఉన్నాయి. ఇలాంటిది జరిగితే చేయవలసినవి ఇవి:

డబ్బు పంపవద్దు. ఒకసారి పంపితే మళ్లీ అడుగుతాడు.

సందేశాలు తుడిచేయవద్దు. స్క్రీన్‌షాట్‌లు, నంబరు, తేదీ, లింకు దాచుకోవాలి.

ఆ వెబ్‌సైటుకు, యాప్‌కు ఫిర్యాదు చేయాలి. 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఇలాంటి చిత్రాలపై బాధితురాలు ఫిర్యాదు చేస్తే నిర్ణీత గడువు లోపు తొలగించాలి. నకిలీగా మార్చినవాటికీ ఇదే వర్తిస్తుంది.

జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో స్త్రీలపై నేరాల విభాగంలో పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు ఇవ్వవచ్చు. డబ్బు పోయి ఉంటే వెంటనే 1930కి ఫోను చేయాలి.

బెదిరించేవాడు వేరే రాష్ట్రంలో ఉన్నాడని మన ఠాణాలో తిప్పి పంపకూడదు. నేరం ఎక్కడ జరిగినా ఏ పోలీసు స్టేషనులోనైనా ఫిర్యాదు తీసుకోవాలని నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను చెబుతోంది. సరిహద్దుల్లో ఉండే మనకు ఇది చాలా అవసరమైన నిబంధన.

ఇంట్లో పెద్దలకు ఒక మాట. ఇలాంటిది బయటపడగానే ఆడపిల్ల ఫోను లాక్కోవడం, చదువు మాన్పించడం చేస్తే, రెండో ఆడపిల్ల అసలు చెప్పదు. భయంతో తిండి, నిద్ర మానేసినవారికి 14416 టెలీ మానస్ నంబరులో తెలుగులోనూ ఉచితంగా మాట్లాడవచ్చు.

ఆస్పత్రిలో మన హక్కులు, కొన్ని నంబర్లు

జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పత్రాన్ని అమలు చేయాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2019లో రాష్ట్రాలను కోరింది. రోగికి అర్థమయ్యే భాషలో వివరాలు చెప్పాలి, వివరాలు గోప్యంగా ఉంచాలి, మగ డాక్టరు స్త్రీని పరీక్షించేటప్పుడు మరో స్త్రీ అక్కడ ఉండాలి అన్నవి అందులో ఉన్నాయి. పరీక్ష కోసమని సంతకం తీసుకొని గర్భసంచి తీసేసిన కేసులో, దేనికి సమ్మతి ఇచ్చారో దానికి మించి చేయకూడదని సుప్రీంకోర్టు 2008లో చెప్పింది. చదవలేని భాషలో ఉన్న కాగితం మీద, ప్రాణాపాయం లేనప్పుడు, అర్థం చేసుకోకుండా సంతకం పెట్టవద్దు. "ఒకసారి చదివి వినిపించండి" అనడం తప్పు కాదు.

మహిళల సహాయానికి 181, అత్యవసరానికి 112, పిల్లలకు 1098, హెచ్‌ఐవీ, సుఖవ్యాధుల సమాచారానికి 1097. ఊళ్లో ఉండే ఆశా కార్యకర్తను, నర్సమ్మను అడిగితే ఏ ఆస్పత్రిలో స్త్రీల వైద్యురాలు ఏ రోజుల్లో ఉంటారో చెబుతారు. ఫోనును దీనికి వాడుకోవడం మంచిది. ఆస్పత్రి ఎక్కడుంది, వేళలేమిటి, మన బాధను అక్కడి భాషలో ఏమంటారు అన్నవి ఫోనులో చూసి కాగితం మీద రాసుకొని వెళితే, లోపల తడబాటు ఉండదు.

మా సంఘంలో మార్చుకున్నది

ఆ శిబిరం తరువాత మేము మూడు పనులు మొదలుపెట్టాము. ఆడవారిని చూసే గదిలో మగ సభ్యులు ఎవరూ ఉండరు, కార్యదర్శితో సహా. భాష చెప్పడానికి మహిళా విభాగం నుంచి ఇద్దరు వస్తారు. వచ్చినావిడ వీధికి చెందినవారు కాకుండా రెండోవారు కూర్చుంటారు, విన్నది బయట చెప్పమని ముందే మాట ఇస్తారు. మూడోది, తెలుగులోనూ స్థానిక భాషలోనూ పక్కపక్కన అచ్చువేసిన ఒక పేజీ కాగితం. తెల్లబట్ట, దురద, నొప్పి, రక్తం, నెలసరి తప్పడం వంటి మాటలు అందులో ఉంటాయి. నోరు తెరవకుండానే గీత గీసి డాక్టరుకు ఇవ్వవచ్చు. మొదటి శిబిరంలో ఆ కాగితాలు పదకొండు గంటలకే అయిపోయాయి. అచ్చు ఖర్చు కొన్ని వందల రూపాయలే. ఇతర ఊళ్ల తెలుగు సంఘాలు కూడా తమ స్థానిక భాషలో ఇలాంటిది వేసుకోవచ్చు. నమూనా కావలసినవారికి ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాము.

ఇంట్లో ఆడవారి ఫోను తీసి చూడకపోవడం, అడిగితే కోప్పడకపోవడం, ఆస్పత్రికి తోడు వెళ్లడానికి ఒక పూట సెలవు పెట్టడం, ఈ మూడు ప్రతి ఇంట్లో మగవారు చేయగలిగినవి. ఈ వ్యాసాన్ని మీ గ్రూపుల్లో పెట్టండి. ఇంట్లో ఆడవారికి చూపించడానికి మొహమాటమైతే, ఫోనులో తెరిచి ఉంచి టేబులు మీద పెట్టి వెళ్లండి. వారు చదువుకుంటారు.